రేడియేటర్ చల్లగా, ఇంజన్ సలసలా: ఫైబర్ బాడీ కిట్ కారులో సుబారు ఇంజన్

పాతబీటిల్_కొత్తగుండె

మూడేళ్లుగా నాన్చిన పని ఎట్టకేలకు రోడ్డెక్కింది అనుకున్నా, ఎక్కిన పది నిమిషాలకే మళ్లీ షెడ్డులోకి తోసుకొచ్చాను. బండి సంగతి ముందు చెప్తా. కిట్ కారు, అంటే భాగాలు తెచ్చి మనమే కట్టుకునేది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఫ్లోర్‌పాన్ (కింది చట్రం) మీద కూర్చున్న రెండు సీట్ల ఫైబర్‌గ్లాస్ బాడీ, నడుం ఎత్తు కూడా ఉండదు, తలుపులు లేకుండా కప్పు మొత్తం పైకి లేచే రకం. వెనకున్న 1584 సీసీ ఎయిర్ కూల్డ్ ఇంజన్ తీసేసి 1995 నాటి సుబారు ఈజే22 (2.2 లీటర్ల వాటర్ కూల్డ్ ఇంజన్) పెట్టాను. గేర్‌బాక్స్ బీటిల్‌దే, మధ్యలో రెండింటినీ కలిపే అడాప్టర్ ప్లేటు. రేడియేటర్ ముందు ముక్కులో వాలుగా ఉంది. అక్కడి నుంచి వెనక్కి టన్నెల్ (చట్రం నడిమధ్య ఉబ్బు) పక్కన రెండు అల్యూమినియం పైపులు, లోపలి వ్యాసం 35 మిల్లీమీటర్లు.

సమస్య ఏంటంటే స్టార్ట్ చేసిన ఎనిమిది, తొమ్మిది నిమిషాలకు వేడి మీటరు ముల్లు 90 డిగ్రీలు దాటుతుంది, అక్కడ ఆగదు, 100, 105, 110. వెనక ఇంజన్ మీది పైపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ముందుకెళ్లి రేడియేటర్ మీద చెయ్యి పెడితే కుండలో నీళ్లలా చల్లగా ఉంది! ఫ్యాన్ తిరగదు, ఎందుకంటే దాని స్విచ్ రేడియేటర్‌లోనే ఉంది, అక్కడికి వేడే రావట్లేదు. వాటర్ పంపు, టైమింగ్ బెల్టు, థర్మోస్టాట్ (వేడెక్కాకే రేడియేటర్ నీళ్లకు దారి తెరిచే కవాటం) అన్నీ బిగించే ముందే కొత్తవి వేశాను. ఎక్కడా లీకు లేదు. నాకు పాలుపోవట్లేదు.

నట్టు_పోయింది

రేడియేటర్ చల్లగా ఉందంటే అది దాని పని బ్రహ్మాండంగా చేస్తున్నట్టే కదా 😄

బుడగ_వేట

ఎయిర్ లాక్. ఇంకో మాట లేదు. ముందు రేడియేటర్, వెనక ఇంజన్, మధ్యలో పైపులు నేల దాకా దిగి మళ్లీ పైకి ఎక్కుతాయి. నీళ్లు పోసేటప్పుడు గాలి రెండు చోట్ల ఇరుక్కుంటుంది, ఒకటి రేడియేటర్ పై కొసలో, రెండోది ఇంజన్ మీద రెండు వైపులనూ కలిపే క్రాస్‌ఓవర్ పైపులో. మీ రేడియేటర్‌కి పైన గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉందా? లేకపోతే ముందు అది పెట్టించండి. ముందు చక్రాల కింద దిమ్మెలు పెట్టి ముక్కు పైకెత్తి, స్క్రూ వదులు చేసి, బుస్‌బుస్ మనడం ఆగి సన్నటి ధార తెగకుండా వచ్చేదాకా నీళ్లు పోస్తూనే ఉండాలి. నేను మొదటిసారి చేసినప్పుడు రెండున్నర గంటలు పట్టింది, నిండిందనుకున్న ప్రతిసారీ ఇంకో అర లీటరు తాగింది.

ఇంతకీ మొత్తం ఎన్ని లీటర్లు పట్టింది మీకు?

పాతబీటిల్_కొత్తగుండె

11 లీటర్ల పైనే పోశాను. బ్లీడ్ స్క్రూ ఉంది, ముక్కు ఎత్తే చేశాను, ధార కూడా వచ్చింది.

బుడగ_వేట

35 మిల్లీమీటర్ల పైపు మీటరుకు దాదాపు ఒక లీటరు పడుతుంది. రానూపోనూ ఓ ఐదారు మీటర్లు వేసుకున్నా, ఇంజన్, రేడియేటర్ కలిపి 11 అంటే లెక్క సరిపోయినట్టే ఉంది. అయినా ఇంకోసారి చెయ్యండి. గాలి మొండిది.

రేకుల_షెడ్డు

ఇలాంటి చర్చ చూసిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. గాలితో చల్లబడే ఇంజన్‌కి పంపు లేదు, హోసు లేదు, రేడియేటర్ లేదు, పగలడానికి ఏమీ లేదు. దాన్ని తీసి పారేసి 11 లీటర్ల నీళ్లు మోసుకు తిరగడం ఏంటి నాయనా? అదే బ్లాకు కేసు కొంచెం తొలిచి 90.5 మిల్లీమీటర్ల పిస్టన్లు వేస్తే 1776 సీసీ, 94 వేస్తే 1915. రెండు కార్బురేటర్లు పెడితే ఆ తేలిక బాడీకి అంతకన్నా ఏం కావాలి?

లీటరున్నర

బాబాయ్ వచ్చేశాడు, ఇక చర్చ ఎయిర్ కూల్డే 🙏

నీళ్లకి మారినవాళ్లంతా తెలివితక్కువవాళ్లా? ఆ ఫోక్స్‌వ్యాగన్ కంపెనీయే 1982లో తన వెనక ఇంజన్ వ్యాన్‌కి నీళ్ల పెట్రోల్ ఇంజన్ పెట్టింది. రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక, కింద పొడుగు పైపులు, అచ్చం మన బండిలాగే. బ్రెజిల్‌లో వాళ్ల పాత కాంబీ వ్యాన్ కూడా 2005 చివర్లో 1.4 లీటర్ల వాటర్ కూల్డ్‌కి మారి 2013 దాకా అలాగే తయారైంది, ముందు నల్లటి గ్రిల్లుతో. పోర్షే 911 కూడా చివరికి ఆ దారే పట్టింది.

రేకుల_షెడ్డు

మారింది పొగ నియమాల కోసం, శబ్దం కోసం. నేను చెప్పేది వేరు. కిట్ కారు వాళ్లలో సగం మంది "నా 1600 వేడెక్కుతోంది" అని ఇంజన్ మారుస్తారు. వెళ్లి చూస్తే ఇంజన్ చుట్టూ ఉండాల్సిన టిన్‌వేర్ రేకులు ఉండవు. అసలు బీటిల్‌లో ఇంజన్ చుట్టూ రేకు, రేకుకీ బాడీకీ మధ్య రబ్బరు సీలు ఉంటుంది. పైన చల్లగాలి, కింద వేడిగాలి, రెండూ కలవవు. ఫైబర్ బాడీ వేసినవాళ్లు ఆ రేకులు అడ్డమని పీకేస్తారు. కింద సైలెన్సర్ దగ్గరి వేడిగాలే పైకొచ్చి ఫ్యాన్‌లో దూరుతుంది, మళ్లీ అదే గాలి సిలిండర్ల మీదికి. ఊదిన గాలే ఊదితే ఏం చల్లారుతుంది? సీలు వేసుంటే ఇంజన్ మార్చే పనే ఉండేది కాదు.

పాతబీటిల్_కొత్తగుండె

బాబాయ్, మీరన్నది నిజమే, నా పాత ఇంజన్‌కి వెనక రేకులు లేవు. కానీ నేను మార్చింది వేడికి కాదు, బలానికి. ఆ 50 హార్స్‌పవర్‌తో బండి చూడ్డానికి పులి, ఎక్కితే పిల్లి. ఇందులో 130 పైచిలుకు. అదీ బాక్సరే (సిలిండర్లు పక్కలకు పడుకున్న రకం) కాబట్టి ఎత్తు తక్కువ, వెనక మూత కిందే పట్టింది.

మూడోగేరు

వేడి సంగతి పక్కన పెట్టి ఒక్కటి అడుగుతా, గేర్‌బాక్స్ ఏ రేషియో? పాత 4.375 ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందు చివరి పళ్ల నిష్పత్తి) అయితే ఈ ఇంజన్‌కి మొదటి గేరు వేసేలోపే అయిపోతుంది, హైవే మీద గొంతు చించుకుంటుంది. 3.88 ఉన్నది వెతుక్కోండి. ఇంకోటి, సుబారు క్రాంక్ తిరిగే దిక్కూ బీటిల్ దిక్కూ ఒకటే, రెండూ పుల్లీ వైపు నుంచి చూస్తే సవ్యంగా, కాబట్టి బీటిల్ గేర్‌బాక్స్‌తో వెనక పెడితే ఏ తలనొప్పీ లేదు. ఎవరైనా సుబారు గేర్‌బాక్స్ కూడా కలిపి వెనక్కి తిప్పి పెడదామనుకుంటే మాత్రం క్రౌన్, పినియన్ (ఆ చివరి పళ్ల చక్రాల జత) తిరగేసినవి కావాలి, లేదంటే ఐదు రివర్స్ గేర్లు, ఒక్క ముందు గేరు.

నట్టు_పోయింది

పార్కింగ్‌కి మంచి బండి.

లీటరున్నర

నేను సుబారుదే ఈజే20 టర్బో ఇంజన్ చూస్తున్నా నా బండికి. స్వింగ్ యాక్సిల్‌ది, అంటే వెనక ఇరుసు గేర్‌బాక్స్ దగ్గర మాత్రమే మడిచే పాత రకం. ఎవరైనా వేశారా?

మూడోగేరు

అసలే కోతి, పైగా కల్లు తాగింది. స్వింగ్ యాక్సిల్ బండి మలుపులో యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం కిందికి ముడుచుకుని తోక విసురుతుంది, మామూలు ఇంజన్‌తోనే. దానికి టర్బోనా? ముందు ఐఆర్ఎస్ (ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్) ఫ్లోర్‌పాన్ సంపాదించండి, డిస్క్ బ్రేకులు వేయండి, తర్వాత ఇంజన్ గురించి మాట్లాడదాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు టర్బో.

వైరింగ్_రాణి

అసలు ప్రశ్నకి రండి. ముల్లు చూపించేది నిజమేనా? ఫైబర్‌గ్లాస్ బాడీలో కరెంటు పారదు. రేకు బాడీలో ఎక్కడ బోల్టు బిగిస్తే అక్కడే ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి), ఫైబర్‌లో ప్రతి లైటుకీ, ప్రతి మీటరుకీ విడిగా ఎర్త్ వైరు లాగాలి. లాగకపోతే మీటరు తన ఎర్త్ ఇంకెవరి దారిలోనో వెతుక్కుంటుంది. పరీక్ష చాలా తేలిక: ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేయండి, ముల్లు కదిలితే అది వేడి కాదు, ఎర్త్.

నాకు సరిగ్గా ఇదే అయింది. లైటు వేస్తే 15 డిగ్రీలు పెరిగేది, ఇండికేటర్ వేస్తే ముల్లు దాంతోపాటే తాళం వేసేది. రెండు నెలలు రేడియేటర్ మీద అనుమానపడ్డాను.

పాతబీటిల్_కొత్తగుండె

లైట్లు వేసి చూశా, కదల్లేదు. పైగా లేజర్ థర్మామీటర్‌తో క్రాస్‌ఓవర్ పైపు మీద చూస్తే 104 చూపించింది, మీటరు 108. కాబట్టి వేడి నిజమే.

తుప్పు_వైద్యుడు

110 అనగానే ఉడికిపోయినట్టు కాదు. రేడియేటర్ మూత 1 బార్ ఒత్తిడి పట్టుకుంటే ఉత్త నీళ్లే 120 దాకా మరగవు, కూలెంట్ సగం కలిపితే ఇంకా పైకి. మూత మంచిదో కాదో చూడండి. ఇంకో మాట, ఉత్త నీళ్లు పోసి పరీక్షలు చేస్తున్నారేమో, ఇంజన్ అల్యూమినియం, పైపులు అల్యూమినియం, తుప్పు మందు లేకుండా వారాల తరబడి వదిలేయకండి. మధ్యలో రాగి ముక్క ఎక్కడైనా పెట్టుంటే ఇంకా తొందరగా తినేస్తుంది.

బుడగ_వేట

దీనికి ఒకటి చేర్చాలి. సెన్సార్ ఉన్నచోట నీళ్లకు బదులు ఆవిరి బుడగ నిలిస్తే మీటరు తక్కువ చూపిస్తుంది. ముల్లు 110కి వెళ్లి ఉన్నట్టుండి 70కి పడితే సంతోషపడకండి, వెంటనే కీ తిప్పి ఆపేయండి.

పాతబీటిల్_కొత్తగుండె

అప్‌డేట్. నిన్న మళ్లీ బ్లీడ్ చేశా, ఓపిగ్గా. ఏమీ మారలేదు. విసుగొచ్చి థర్మోస్టాట్ పీకేసి నడిపా. అద్భుతం! రేడియేటర్ మొత్తం వేడెక్కింది, ముల్లు 60, 65 దాటలేదు, అరగంట తిప్పినా అంతే. ఇక థర్మోస్టాట్ లేకుండానే ఉంచేద్దామనుకుంటున్నా. ఎవరికైనా అభ్యంతరమా?

వైరింగ్_రాణి

నాకు అభ్యంతరం. ఈజే22 ఇంజెక్షన్ బండి, కార్బురేటర్ కాదు. నీళ్లు 60 దగ్గరే ఉంటే కంప్యూటర్ ఇంకా ఇంజన్ వేడెక్కలేదనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు మసి పడతాయి, మైలేజీ పోతుంది, ఎక్కువైన పెట్రోల్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది.

రేకుల_షెడ్డు

పాత థర్మోస్టాట్ చెడిపోయిందంతే. కొత్తది అని అమ్మినవన్నీ మంచివని లేదు. గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేసి చూడు, తెరుచుకోకపోతే పారెయ్.

పాతబీటిల్_కొత్తగుండె

చూశా బాబాయ్. 80 దాటాక చక్కగా తెరుచుకుంది, చల్లారగానే మూసుకుంది. రెండుసార్లు చూశా. అందుకే ఇంకా పిచ్చెక్కుతోంది.

చల్లటి_చెయ్యి

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా, ఈ రెండు పోస్టులతో విషయం తేలిపోయింది. థర్మోస్టాట్ లేకపోతే బాగా చల్లారుతోంది కాబట్టి పంపు, పైపులు, రేడియేటర్ మూడూ మంచివే, ఎయిర్ లాక్ కూడా లేదు. థర్మోస్టాట్ గిన్నెలో తెరుచుకుంటోంది కాబట్టి అదీ మంచిదే. మరి ఇంజన్‌లో ఎందుకు తెరుచుకోవట్లేదు? దాని దాకా వేడి నీళ్లు రావట్లేదు కాబట్టి.

ఒక్క ప్రశ్న: మీ బండిలో హీటర్ ఉందా? లేకపోతే ఇంజన్ మీద హీటర్‌కి వెళ్లే రెండు గొట్టాలను ఏం చేశారు?

పాతబీటిల్_కొత్తగుండె

హీటర్ లేదు. బీటిల్ హీటర్ సైలెన్సర్ వేడితో పనిచేసేది, అది ఎప్పుడో పోయింది. ఆ రెండు గొట్టాలకీ రబ్బరు మూతలు పెట్టి క్లాంపు బిగించా. థ్రాటిల్ బాడీకి వెళ్లే సన్న గొట్టం కూడా పనికిరానిదని మూసేశా.

చల్లటి_చెయ్యి

దొరికింది.

చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ నీళ్లు బయటికి వెళ్లే చోట, అంటే వేడి వైపు ఉంటుంది. ఇంజన్ వేడెక్కితే దానికి నేరుగా తెలుస్తుంది. ఈజే ఇంజన్‌లో అలా కాదు. థర్మోస్టాట్ వాటర్ పంపు కింద, నీళ్లు లోపలికి వచ్చే చోట ఉంటుంది. దాని ముందు వైపు రేడియేటర్ నుంచి వచ్చే చల్లటి నీళ్లు ఆగి ఉంటాయి. మరి ఇంజన్ వేడి దానికి ఎలా తెలియాలి? హీటర్ గొట్టం ద్వారా. ఇంజన్ పైనుంచి వేడి నీళ్లు హీటర్‌లోకి వెళ్లి, తిరిగి పంపు దగ్గరికి, థర్మోస్టాట్ వెనక్కి వస్తాయి. ఆ నీళ్లు తగిలితేనే దాని మైనం కరిగి తెరుచుకుంటుంది. మీరు ఆ దారి మూసేశారు. సన్న గొట్టం వదిలి ఉంటే కొంచెమైనా పారేది, అదీ మూశారు. పైన ఇంజన్ ఉడుకుతోంది, కింద థర్మోస్టాట్ చల్లటి నీళ్లలో హాయిగా నిద్రపోతోంది.

పని పది నిమిషాలది. రెండు మూతలూ తీసి, ఆ రెండు గొట్టాలనూ ఒకే హోసుతో లాడం ఆకారంలో కలిపేయండి. మంచి హోసు వాడండి, నీళ్లు ఆగకుండా తిరిగే దారి అది. థ్రాటిల్ బాడీ గొట్టం కూడా తిరిగి పెట్టేయండి.

నట్టు_పోయింది

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని 11 లీటర్లు వెతికారు.

బుడగ_వేట

ఒప్పుకుంటున్నా, గాలి కాదు. అయినా హోసు కలిపాక మళ్లీ బ్లీడ్ చెయ్యాలి 😐

మూడోగేరు

నా బండికి ముందే చిన్న హీటర్ ఉంది కాబట్టి ఈ సంగతి ఇప్పటిదాకా తెలియలేదు. అంటే హీటర్ దారిలో కుళాయి పెట్టి ఎండాకాలం మూసేవాళ్లకీ ఇదే గతి కదా?

చల్లటి_చెయ్యి

అవును. కుళాయి పెట్టాలంటే దాన్ని దాటి పోయే బైపాస్ కూడా ఉండాలి. ఏ ఇంజన్ తెచ్చినా ముందు దాని నీళ్ల దారి కాగితం మీద గీసుకోండి, ఏ గొట్టం పనికిరానిదో అప్పుడు చెప్పండి. కంపెనీ వాడు ఊరికే గొట్టం వేయడు, అతనికి అది ఖర్చు.

తుప్పు_వైద్యుడు

ఇది చదివేవాళ్ల కోసం ఇంకో రెండు, అడక్కపోయినా. ఈజే ఆయిల్ సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) లోతుగా ఉంటుంది, బీటిల్ ఫ్లోర్‌పాన్ ఎత్తుకి నేలకు తగులుతుంది. చాలామంది కోసి పొట్టి చేస్తారు, కానీ లోపల ఆయిల్ పీల్చే పికప్ పైపుని కూడా అంతే తగ్గించాలి, పోయిన ఆయిల్ కోసం పక్కలకు రెక్కల్లా పెంచాలి. నేను రెక్కలు వేయలేదు. పొడుగాటి ఎడమ మలుపులో ఆయిల్ లైటు వెలిగింది, ఆ వెలిగిన రెండు సెకన్లు నా ఆయుష్షులో రెండేళ్లు.

రెండోది పెట్రోల్ పైపు. కార్బురేటర్‌కి పావు బార్ ప్రెషర్, ఇంజెక్షన్‌కి రెండున్నర, మూడు బార్లు. పాత రబ్బరు గొట్టం, పాత క్లిప్పు అలాగే ఉంచితే ఊడుతుంది. ఊడే చోటు వెనక, వేడి సైలెన్సర్ పక్కన, బాడీ ఫైబర్‌గ్లాస్. ఎంతసేపు పడుతుందో మీరే ఊహించుకోండి. ఇంజెక్షన్ హోసు, ఇంజెక్షన్ క్లాంపులు, రిటర్న్ లైను. ఇందులో పిసినారితనం వద్దు.

లీటరున్నర

అడాప్టర్ ప్లేటు గురించి కూడా ఎవరైనా చెప్పండి, నాకు వచ్చిన దానికి డోవెల్ (సరిగ్గా కుదిర్చే పిన్ను) రంధ్రాలే సరిగ్గా లేవు. బోల్టులు పట్టాయి కదా అని బిగించేయొచ్చా?

మూడోగేరు

బిగించకండి. బోల్టు దగ్గరికి లాగుతుంది తప్ప మధ్యకి తేదు, మధ్యకి తెచ్చేది డోవెల్. క్రాంక్ నడుమ, గేర్‌బాక్స్ షాఫ్ట్ నడుమ ఒకే గీత మీద లేకపోతే క్లచ్ సరిగ్గా వదలదు, గేరు పడేటప్పుడు కరకరలాడుతుంది, కొన్నాళ్లకి షాఫ్ట్ బేరింగ్ పోతుంది. డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడండి, 0.1 మిల్లీమీటరు లోపు ఉంటే మంచిది. మంచి లేత్ పనివాడు ఉంటే ప్లేటు సరి చేస్తాడు.

పాతబీటిల్_కొత్తగుండె

చల్లటి_చెయ్యి గారూ, మీ చెయ్యి చల్లగుండ!

హోసు కలిపా, థర్మోస్టాట్ తిరిగి పెట్టా, బుడగ_వేట గారి మాట మీద ముక్కు ఎత్తి మళ్లీ బ్లీడ్ చేశా (మరో ముప్పావు లీటరు తాగింది, అంటే మీరూ పూర్తిగా తప్పు కాదు). ఏడు నిమిషాలకి ముల్లు 80 దాటింది, ఎనిమిదో నిమిషంలో ముందు పైపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నా. ఒక్కసారిగా వేడి వచ్చింది చూడండి, షెడ్డులో గట్టిగా అరిచా. తర్వాత ఫ్యాన్ తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. రోడ్డు మీద 40 నిమిషాలు, ముల్లు 85, 90 మధ్యే.

ఒక్క తేడా, ట్రాఫిక్‌లో నిలబడితే 98 దాకా వెళ్లి ఫ్యాన్‌తో చాలా నెమ్మదిగా దిగుతోంది.

చల్లటి_చెయ్యి

అది నీళ్ల సమస్య కాదు, గాలి సమస్య. రేడియేటర్ చుట్టూ సందులు ఉన్నాయా? గాలి సులువైన దారే చూసుకుంటుంది, పక్కన సందుంటే రేడియేటర్ రెక్కల్లోంచి ఎందుకు దూరుతుంది? చుట్టూ ఫోమ్ గానీ రబ్బరు గానీ కొట్టి మూసేయండి, ఫ్యాన్‌కి డబ్బాలా కవరు వేయండి, రేడియేటర్ మొత్తం మీది నుంచి లాగేలా. వెనకాల వేడిగాలి ఎటు పోతోంది?

పాతబీటిల్_కొత్తగుండె

ముందు మూతలో, అద్దం కింద, అందంగా కోసిన గ్రిల్లు ఉంది. అందులోంచి.

చల్లటి_చెయ్యి

అందం సరే. బండి పరిగెత్తేటప్పుడు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ, అక్కడ గాలి బయటికి రాదు, ఎదురు తోస్తుంది. కిందికి గానీ చక్రాల గూళ్లలోకి గానీ దారి ఇవ్వండి, లేదా గ్రిల్లుని ముక్కు వైపు జరపండి.

రేకుల_షెడ్డు

చూశావా, నీళ్లు పోసినా చివరికి గాలి దగ్గరికే వచ్చారు. సీలు వేయండి, సందులు మూయండి, వేడిగాలి చల్లగాలి కలవనీయకండి. మొదట్లో నేను చెప్పింది ఇదే.

సరేలే, బండి నడుస్తోంది, సంతోషం. ఆ తీసిన 1600 ఏం చేశావు? అమ్మలేదు కదా?

పాతబీటిల్_కొత్తగుండె

లేదు బాబాయ్, షెడ్డులో బల్ల కింద ఉంది, దుప్పటి కప్పి పెట్టా.

రేకుల_షెడ్డు

దుప్పటి తీసి టిన్‌వేర్ కప్పు.